హెడ్‌లైట్ బల్బు మార్చే ముందు: తెల్లగా కనిపించడం వేరు, దారి కనిపించడం వేరు

ఒకవైపు బల్బు మాడిపోయింది. లేదా రెండూ వెలుగుతూనే ఉన్నాయి గానీ, రాత్రి వానలో రోడ్డు అంచు ఆనక స్టీరింగ్ మీదికి వంగి నడపాల్సి వస్తోంది. సరే, కొత్తవి వేద్దామని చూస్తే మామూలు హాలోజన్ (సన్నటి తీగ, అంటే ఫిలమెంట్, వేడెక్కి వెలిగేది), ‘150 శాతం ఎక్కువ వెలుగు’ హాలోజన్, నీలి గాజు బల్బు, లాంగ్ లైఫ్, 100 వాట్లది, ఎల్ఈడీ, హెచ్ఐడీ (జినాన్ వాయువుతో వెలిగే రకం) కిట్ అని వరసగా ఉంటాయి. లాంగ్ లైఫ్ తప్ప అన్నిటి పెట్టెల మీదా ఒకటే మాట: ఎక్కువ వెలుగు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హాలోజన్ బల్బుతో వచ్చిన కారుకు, పదిలో ఎనిమిది మందికి, అదే రకం మంచి హాలోజన్ బల్బుల జత చాలు. మిగతా ఇద్దరి సంగతి కూడా ఉంది. అయితే అంతకంటే ముందు చూడాల్సినది ఒకటుంది.

## అసలు తప్పు బల్బుదేనా?

పుండొకచోట, మందొకచోట అన్నట్టు, వెలుగు తగ్గిన ప్రతిసారీ బల్బునే మారుస్తుంటాం.

లెన్స్ దగ్గర మొదలుపెట్టండి. ఈ కాలపు హెడ్‌లైట్ల ముందుభాగం గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దాని మీద ఎండను ఆపే పూత ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత పోయి, ప్లాస్టిక్ పచ్చబడి కంట్లో శుక్లంలా మసకబారుతుంది. అప్పుడు లోపల ఎంత గొప్ప బల్బు పెట్టినా సగం వెలుగు ఆ పొరకే పోతుంది. మిగిలింది చెదిరిపోయి ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. పాలిష్ చేయిస్తే తేడా అదే రాత్రి తెలుస్తుంది. కాకపోతే పాలిష్ తర్వాత ఎండను ఆపే పూత మళ్లీ వేయించాలి. అది వేయకపోతే కొన్ని నెలల్లోనే కథ మొదటికొస్తుంది.

తర్వాత వోల్టేజి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, లైట్లు వేసి, బల్బు కప్లర్ (వైరును బల్బుకు తగిలించే ప్లాస్టిక్ ముక్క) వెనక మల్టీమీటర్ పెట్టి చూడండి. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉండి బల్బు దగ్గరికి 12 మాత్రమే వస్తుంటే, మిగతా 2 వోల్టులు పాత వైరులో, స్విచ్‌లో, తుప్పు పట్టిన ఎర్త్‌లో (కారు బాడీకి బిగించే వైరులో) పోతున్నట్టు. ఫిలమెంట్ బల్బు ఈ విషయంలో చాలా సున్నితం. 13.2 వోల్టుల దగ్గర ఇచ్చే వెలుగులో నాలుగో వంతుకు పైగా 12 వోల్టుల దగ్గర మాయమవుతుంది. రిలే (బ్యాటరీ కరెంటును నేరుగా బల్బుకు పంపే స్విచ్) పెట్టి, మందమైన వైరు లాగి, ఎర్త్ శుభ్రం చేయిస్తే పాత బల్బే కొత్తదానిలా వెలుగుతుంది.

మూడోది, లైటు ఎటు చూస్తోంది అన్నది. డాష్‌బోర్డు మీద 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం చాలా కార్లలో ఉంటుంది. వెనక సీట్లు, డిక్కీ నిండినప్పుడు కారు ముక్కు పైకి లేస్తుంది కాబట్టి లైటును కిందికి దించడానికి అది. కారు కడిగినప్పుడో, పిల్లలు ఆడినప్పుడో అది 3 మీదికి వెళ్లిపోతుంది. నేను రెండు నెలలపాటు బల్బుల్ని తిట్టుకుని, కొత్తవి కొనేసి, అవి బిగించే రోజున ఆ చక్రం చూసుకున్నాను. దాన్ని 0కి తిప్పగానే దారి మొత్తం కనిపించింది, పాత బల్బులతోనే.

## ఎంచుకోవడానికి కొలతలు

బల్బు రకం సరిపోవడం మొదటి షరతు, ఇందులో బేరం లేదు. హెచ్4లో ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, లో బీమ్‌కి ఒకటి, హై బీమ్‌కి ఒకటి. వెనక మూడు పిన్నులు. హెచ్7లో ఒకటే ఫిలమెంట్, రెండు పిన్నులు. హెచ్11, హెచ్‌బీ3, హెచ్‌బీ4 లాంటివి ఇంకో కుటుంబం. చివరి రెండింటినీ 9005, 9006 అని కూడా అంటారు. మీ కారుది ఏదో మాన్యువల్‌లో ఉంటుంది, పాత బల్బు అడుగున కూడా రాసి ఉంటుంది. లో బీమ్, హై బీమ్ వేర్వేరు రకాలు కావచ్చు, రెండూ చూసుకోండి.

ఇక్కడ ఒక చిలిపి పని గురించి చెప్పాలి. హెచ్8, హెచ్9, హెచ్11 చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. హెచ్11ది 55 వాట్లు, హెచ్9ది 65. హెచ్9 వెలుగు చాలా ఎక్కువని, దాని బేస్ అంచున ఉండే చెవులు కాస్త అరగదీసి హెచ్11 చోట దూర్చేవాళ్లున్నారు. హెచ్11 కొన మీద నల్లటి టోపీ ఉంటుంది, హెచ్9కి ఉండదు. ఆ టోపీ అలంకారం కాదు, నేరుగా ముందుకు తన్నుకొచ్చే వెలుగును ఆపడానికి. చెవులు వేరుగా పెట్టిందే ఒకదాని బదులు ఒకటి పెట్టకుండా.

రెండో కొలత, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది: వెలుగు ఎక్కడ పడుతోంది? హెడ్‌లైట్ డూమ్‌లోని (బల్బు కూర్చునే మొత్తం లైటు పెట్టెలోని) రిఫ్లెక్టర్‌ని, అంటే వెలుగును ముందుకు తిప్పే అద్దంలాంటి గిన్నెను, ఒక ఫిలమెంట్ చుట్టూ లెక్కగట్టి చేస్తారు. ఆ ఫిలమెంట్ పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు. అది ఉండాల్సిన బిందువు నుంచి ఒక్క మిల్లీమీటరు జరిగినా రోడ్డు మీద బీమ్ ఆకారం మారిపోతుంది. లో బీమ్ గోడ మీద పడినప్పుడు పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో ఒక గీత కనిపించాలి. అదే కటాఫ్. ఆ గీత చెదిరితే మీ దూరపు చూపూ పోతుంది, ఎదుటివాడి కళ్లూ బైర్లు కమ్ముతాయి.

మూడోది ల్యూమెన్లు, అంటే బల్బు ఇచ్చే మొత్తం వెలుగు. నాలుగోది రంగు, దీన్ని కెల్విన్లలో చెబుతారు: హాలోజన్ సుమారు 3200, జినాన్ సుమారు 4300, ఎల్ఈడీలు ఎక్కువగా 6000 దగ్గర. అంకె పెరిగేకొద్దీ పసుపు నుంచి తెలుపుకు, అక్కణ్ణుంచి నీలానికి పోతుంది. కెల్విన్లు పెరిగితే వెలుగు పెరిగినట్టు కాదు. ఈ ఒక్క అపోహ మీద ఎంత వ్యాపారం నడుస్తోందో! ఇక మన్నిక, వేడి, చట్టం మిగిలిన మూడు.

## ఒక్కొక్కటీ చూద్దాం

మామూలు హాలోజన్. హెచ్4 అయితే 60/55 వాట్లు (హై బీమ్/లో బీమ్), 13.2 వోల్టుల దగ్గర హై బీమ్ 1650, లో బీమ్ 1000 ల్యూమెన్లు. హెచ్7 అయితే 55 వాట్లు, 1500 ల్యూమెన్లు. ఈ అంకెలు అంతర్జాతీయ ప్రమాణంలో రాసినవే, పేరున్న కంపెనీలన్నీ వీటి దరిదాపుల్లోనే ఉండాలి. కనుక ‘మామూలు’ అన్నది చిన్నచూపు మాట కాదు. డూమ్ తయారుచేసినవాళ్లు లెక్కలు కట్టింది ఈ బల్బుతోనే. ఇందులో చూసుకోవాల్సినది నకిలీ గురించే. బల్బు అడుగున వృత్తంలో ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే అది ఆమోదం ముద్ర. నకిలీల్లో ఫిలమెంట్ కాస్త వంకరగానో, కిందికో పైకో ఉంటుంది. కంటికి తెలియదు, గోడ మీద తెలుస్తుంది.

ఎక్కువ వెలుగు హాలోజన్. వాట్లు అవే, బేస్ అదే. ఫిలమెంట్‌ని ఇంకా కచ్చితంగా, సన్నగా చుట్టి, లోపల వాయువును ఎక్కువ ఒత్తిడితో నింపి, ఫిలమెంట్‌ని మరింత వేడిగా మండిస్తారు. ‘150 శాతం ఎక్కువ’ అంటే మొత్తం వెలుగు రెండున్నర రెట్లయిందని కాదు. ప్రమాణం ప్రకారం మొత్తం ల్యూమెన్లు 10, 15 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదు. ఆ శాతం రోడ్డు మీద కొన్ని ఎంచిన చోట్ల, అదీ చట్టం అడిగే కనీస వెలుగుతో పోల్చి చెప్పేది. అలాగని అబద్ధమూ కాదు. వెలుగు దూరానికి చిక్కగా వెళుతుంది, మామూలు దాని పక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది. దీనికి చెల్లించేది ఆయుష్షు రూపంలో. వేడిగా మండే ఫిలమెంట్ తొందరగా తెగుతుంది, మామూలు దానిలో సగం కాలమో, అంతకంటే తక్కువో. పగలూ రాత్రీ లైట్లు వేసుకుని తిరిగేవాళ్లకు ఇది దండగ.

లాంగ్ లైఫ్. దానికి సరిగ్గా ఎదురు. ఫిలమెంట్ కాస్త చల్లగా మండుతుంది, ఎక్కువ కాలం వస్తుంది, వెలుగు కాస్త తగ్గుతుంది. బల్బు మార్చాలంటే బంపర్ విప్పాల్సిన కార్లు కొన్నున్నాయి. వాటికి ఇది వరమే.

నీలి గాజు బల్బు. ఫిలమెంట్ ఇచ్చే పసుపు, ఎరుపు వెలుగులో కొంత భాగాన్ని గాజు మీది నీలి పూత ఆపేస్తుంది. మిగిలింది తెల్లగా కనిపిస్తుంది. అంటే ఉన్న వెలుగులో కొంత పారేసి తెలుపు కొనుక్కోవడం. చూడటానికి బాగుంటుంది. దారి చూడటానికి కాదు.

100/90 వాట్లది. 100 వాట్ల బల్బు ఒక్కోటీ 8 ఆంపియర్ల పైన లాగుతుంది, జతకు 16 పైచిలుకు. కంపెనీ వైరు, స్విచ్, కప్లర్ దానికోసం చేసినవి కావు. ముందు కప్లర్ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత కరుగుతుంది, ఆ తర్వాత రిఫ్లెక్టర్ మీది వెండిలా మెరిసే పూత పొక్కులు తేలుతుంది. రిలే కిట్ పెడితే వైరింగ్ బతుకుతుంది గానీ రిఫ్లెక్టర్ బతకదు. పైగా మామూలు రోడ్ల మీద వాడటానికి చాలా దేశాల్లో అనుమతి లేదు. మీ కారులో వెలుగు తక్కువగా ఉండటానికి కారణం వోల్టేజి అయితే, రిలే మాత్రం పెట్టి 60/55తోనే ఉండండి. ఈ సలహా ఎంతమందికి చెప్పినా వినరు, ఎందుకో మరి.

ఎల్ఈడీ. అందరికీ మనసు లాగేది ఇక్కడే. నాకూ లాగింది. హెచ్4 రిఫ్లెక్టర్ ఉన్న పాత కారులో ఒక జత పెట్టించాను. పార్కింగ్‌లో ఎదురు గోడ పాలు పోసినట్టు తెల్లగా మెరిసింది, నేను మురిసిపోయాను. ఆ రాత్రే హైవే ఎక్కితే పదిహేను నిమిషాల్లో ఏడెనిమిది బండ్లు నాకు డిప్పర్ కొట్టాయి. అప్పటికి నేను లో బీమ్‌లోనే ఉన్నాను. ఇంకో విచిత్రం, బానెట్ ముందు నేలంతా పట్టపగల్లా ఉంది, దూరాన మాత్రం మునుపటికంటే చీకటి. దగ్గర్లో అంత వెలుగుంటే కంటిపాప చిన్నదైపోతుంది, దాంతో దూరం ఆనదు. వారం తిరక్కుండా విప్పేశాను.

జరిగిందేమిటంటే, ఫిలమెంట్ చుట్టూ అన్ని దిక్కులా వెలుగిస్తుంది. ఎల్ఈడీ చిప్పులు ఒక పలకకు రెండువైపులా అతికించి ఉంటాయి, ఆ పలక మందం కొద్దీ వెలుగు పుట్టే చోటు పక్కకు జరుగుతుంది. రిఫ్లెక్టర్ మాత్రం పాత బిందువు దగ్గరే ఫిలమెంట్ ఉందనుకుని పని చేస్తుంది. కొత్తగా వస్తున్న మంచి ఎల్ఈడీల్లో పలక సన్నగా, చిప్పులు సరిగ్గా ఫిలమెంట్ సైజులో ఉంటున్నాయి, ఫలితం బాగానే ఉంటోంది. జర్మనీలో 2020 నుంచి, పరీక్షించి ఆమోదించిన కొన్ని ఎల్ఈడీ బల్బులను ఫలానా మోడల్ కారుకు అని జాబితాతో అనుమతిస్తున్నారు. బల్బుకు కాదు, ‘ఈ బల్బు, ఈ డూమ్’ అన్న జతకు అనుమతి. అసలు కిటుకంతా అందులోనే ఉంది. అమెరికా ప్రమాణాలు మాత్రం హాలోజన్ డూమ్‌లో ఎల్ఈడీ బల్బును ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. మీ దగ్గర నియమం ఏమిటో కొనే ముందే కనుక్కోండి. ఫిట్‌నెస్ తనిఖీలోనో, ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ అడిగినప్పుడో ఈ ప్రశ్న వస్తుంది.

పెట్టె మీద 20,000 ల్యూమెన్లు అని ఉంటే నవ్వుకుని పక్కన పెట్టండి. అంత చిన్న చోట 25 వాట్లు తాగే ఎల్ఈడీ నుంచి రెండు మూడు వేల ల్యూమెన్లు రావడమే ఎక్కువ. వేడెక్కాక అదీ తగ్గుతుంది. ఎల్ఈడీ వేడి ముందుకు రాదు, వెనక్కి పోతుంది, అందుకే తోకలో ఫ్యానో అల్యూమినియం రెక్కలో ఉంటాయి. ఆ తోక వల్ల డూమ్ వెనక రబ్బరు మూత పట్టకపోతే దుమ్ము, తేమ లోపలికి పోతాయి. ఫ్యాన్ ఆగితే బల్బు కొన్నాళ్లకే పోతుంది. కొన్ని కార్లలో డాష్‌బోర్డు మీద ‘బల్బు పోయింది’ అన్న హెచ్చరిక వస్తుంది, లైటు మినుకుమినుకుమంటుంది, ఎఫ్ఎంలో గరగర వస్తుంది. మంచు పడే చోట ఇంకో చిక్కు: హాలోజన్ వేడికి లెన్స్ మీది మంచు కరిగేది, ఎల్ఈడీకి కరగదు.

ప్రొజెక్టర్ డూమ్, అంటే వెలుగును ముందున్న గుండ్రటి కటకం గుండా పంపే రకం అయితే సంగతి కొంత మెరుగు. కటాఫ్‌ని లోపలి లోహపు రేకు గీస్తుంది కాబట్టి ఎదుటివాళ్లకు ఇబ్బంది తక్కువ. దూరపు చూపు మాత్రం అక్కడా బల్బు నాణ్యతను బట్టే.

హెచ్ఐడీ, జినాన్. కారు కంపెనీ నుంచే జినాన్‌తో వస్తే అదే రకం జినాన్ వేయండి, వేరే ఆలోచన వద్దు. డీ1ఎస్, డీ2ఎస్, డీ3ఎస్, డీ4ఎస్ అని ఉంటాయి. డీ2ఎస్ 85 వోల్టులకు, పాదరసం లేని డీ4ఎస్ 42 వోల్టులకు చేసినవి, ఒకదాని చోట ఒకటి పనిచేయవు. వెలిగేటప్పుడు 20,000 వోల్టులకు పైగా పుడుతుంది కాబట్టి సొంతంగా వేలు పెట్టకుండా ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడం మేలు. ముసలిదైన జినాన్ గులాబీరంగుకు తిరుగుతుంది, అది వెళ్లిపోతానని చెప్పడమే. హాలోజన్ డూమ్‌లో పెట్టే హెచ్ఐడీ కిట్ గురించి ఒక్క ముక్క: వద్దు. ఎల్ఈడీకి చెప్పిన చిక్కులన్నీ దీనికీ ఉన్నాయి, పైగా పూర్తిగా వెలగడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

కంపెనీ ఎల్ఈడీతో వచ్చిన కార్లలో మార్చుకునే బల్బు సాధారణంగా ఉండదు. మాడ్యూలో, డూమ్ మొత్తమో మారుస్తారు. వాళ్లకు ఈ గొడవ లేదు, ఖర్చు గొడవ తప్ప.

| రకం | దూరపు చూపు | ఎదుటివాళ్లకు | మన్నిక | కారుకు ముప్పు |
|---|---|---|---|---|
| మామూలు హాలోజన్ | సరిపడా | ఇబ్బంది లేదు | బాగుంటుంది | లేదు |
| ఎక్కువ వెలుగు హాలోజన్ | బాగుంటుంది | ఇబ్బంది లేదు | తక్కువ | లేదు |
| లాంగ్ లైఫ్ | కాస్త తక్కువ | ఇబ్బంది లేదు | అన్ని హాలోజన్లకంటే ఎక్కువ | లేదు |
| నీలి గాజు | తక్కువ | పర్వాలేదు | తక్కువ | లేదు |
| 100/90 వాట్లు | బాగుంటుంది | బాగా ఇబ్బంది | తక్కువ | వైరింగ్, రిఫ్లెక్టర్ |
| ఎల్ఈడీ, రిఫ్లెక్టర్‌లో | బల్బును బట్టి | తరచూ ఇబ్బంది | ఫ్యాన్‌ను బట్టి | తేమ, హెచ్చరిక లైట్లు |
| ఎల్ఈడీ, ప్రొజెక్టర్‌లో | బల్బును బట్టి | తక్కువ ఇబ్బంది | ఫ్యాన్‌ను బట్టి | తేమ, హెచ్చరిక లైట్లు |
| హెచ్ఐడీ కిట్ | నమ్మలేం | బాగా ఇబ్బంది | ఓ మోస్తరు | వైరింగ్ |

## మీరు ఎవరు?

వీధి దీపాల కింద తిరగడమే ఎక్కువైతే మామూలు హాలోజన్, లేదా లాంగ్ లైఫ్. అక్కడ మీకు దారి చూపేది వీధి దీపాలే, మీ లైటు మీరున్నారని పక్కవాళ్లకు చెప్పడానికే.

రాత్రుళ్లు హైవే మీద, డివైడర్ లేని రోడ్ల మీద ఎక్కువ నడిపేవాళ్లకు ఎక్కువ వెలుగు హాలోజన్. ఏడాదికోసారో, ఇంకా ముందో మార్చుకోవాల్సి వస్తుందని మొదటే అనుకుని కొనండి. డిక్కీలో ఒక స్పేర్ ఉంచుకోండి.

వయసు అరవై దాటినవాళ్ల విషయం వేరు. ఇరవై ఏళ్లవాడి కంటి వెనకకు చేరే వెలుగులో సుమారు మూడో వంతే అరవై ఏళ్లవాళ్లకు చేరుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, కంటి కటకం పసుపు పడుతుంది. మీ నాన్నగారు ‘ఈమధ్య లైట్లు సరిగా లేవురా’ అంటే కారుతో పాటు కళ్లూ చూపించండి. కారుకు మాత్రం లెన్స్ పాలిష్, ఎక్కువ వెలుగు హాలోజన్. ముందు నేలను తెల్లగా చేసే ఎల్ఈడీ వాళ్లకు మేలు కంటే కీడే ఎక్కువ.

వాన, పొగమంచు దారుల్లో తిరిగేవాళ్లు 6000 కెల్విన్ల జోలికి పోవద్దనే నా సలహా. తడి రోడ్డు మీద ఆ నీలి తెలుపు కింద గుంత ఏదో, నీటి మడుగు ఏదో నాకైతే తెలియలేదు. ఫ్రాన్స్‌లో 1993 దాకా హెడ్‌లైట్లు పసుపురంగులోనే ఉండాలన్న నియమం ఉండేది. పసుపుకు పొగమంచును చీల్చే మహిమేమీ లేదు, కళ్లకు మాత్రం ఆ వెలుగు హాయిగా ఉంటుందని చాలామంది అంటారు. పొగమంచులో అసలు మందు, లైటును కిందికి ఉంచి వేగం తగ్గించడమే.

మూడు నాలుగు నెలలకోసారి బల్బు పోతోందా? ఏ బల్బు కొన్నా అదే జరుగుతుంది, ముందు చార్జింగ్ వోల్టేజి చూడండి. అది 15 దాటుతుంటే తప్పు ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది) దగ్గర. ఫిలమెంట్ ఆయుష్షు వోల్టేజి 5 శాతం పెరిగితేనే దాదాపు సగానికి పడిపోతుంది.

ఎల్ఈడీయే కావాలని మనసు పట్టుబడితే, ప్రొజెక్టర్ డూమ్ ఉండి, మీ మోడల్‌కు ఆమోదం ఉన్న బల్బు దొరికితే వేయించుకోండి. వెనక్కి ఇచ్చే వీలున్న చోట కొనండి.

## బిగించేటప్పుడు

రెండూ ఒకేసారి మార్చండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే రంగు, వెలుగు రెండూ తేడా వస్తాయి. పైగా ఒకటి పోయిందంటే రెండోదీ దారిలోనే ఉంది. హాలోజన్ గాజును వేళ్లతో ముట్టుకోవద్దు. వేలి నూనె అంటిన చోట గాజు అతిగా వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. హెచ్4 బేస్ మీది మూడు చెవులూ గాడిలో సరిగ్గా కూర్చోవాలి, ఆ తర్వాతే స్ప్రింగ్ క్లిప్ వేయాలి. ఎల్ఈడీ అయితే చిప్పులు కుడి ఎడమలకు, గడియారంలో 3, 9 ఉన్న వైపులకు చూడాలి, పైకీ కిందికీ కాదు. చివరగా రబ్బరు మూత.

ఆ సాయంత్రమే చదును నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో కారు ఆపండి. నేల నుంచి మీ హెడ్‌లైట్ మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తున ఒక టేపు అతికించండి. లో బీమ్ వేస్తే కటాఫ్ గీత ఆ టేపుకు సుమారు 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. గీత పైన మచ్చలుమచ్చలుగా వెలుగు కనిపిస్తే బల్బు సరిగా కూర్చోలేదు, లేదా ఆ బల్బు ఆ డూమ్‌కు పనికిరాదు. విప్పి మళ్లీ పెట్టి చూడండి. అప్పటికీ అంతే ఉంటే తిరిగి ఇచ్చేయండి. ఇంకా వెలుగుతున్న పాత బల్బును మాత్రం పారేయకుండా, కొత్తది వచ్చిన పెట్టెలోనే పెట్టి డిక్కీలో ఉంచుకోండి.